ఇంటర్ అయ్యాక ఏంటి? స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఏటా వినే ప్రశ్నలు

నేను ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. పిల్లలు నన్ను పాఠం గురించి అడిగేదాని కంటే సీట్ల గురించి, సర్టిఫికెట్ల గురించి అడిగేదే ఎక్కువ. సంక్రాంతి సెలవులు అయిన దగ్గర్నుంచి ఆషాఢం దాకా అవే సందేహాలు. పిల్లలు మారతారంతే. మార్కులు తక్కువై సీటు పోయినవాళ్ల కంటే, కాగితం లేకో, తేదీ దాటో, ఆప్షన్లు సరిగ్గా పెట్టుకోకో పోగొట్టుకున్నవాళ్లే నాకు ఎక్కువ గుర్తున్నారు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి రాసి ఉంచాను. కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నియమాలు ఏటా ఎంతో కొంత మారతాయి కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఆ ఏటి నోటిఫికేషన్ ఒకసారి చూసుకోండి.

## పరీక్షలకు ముందు

ఎంసెట్ ర్యాంకు వస్తే చాలు కదా సార్, ఇంటర్ మార్కులు ఎవరు చూస్తారు?

చూస్తారు. పేరు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్, మనం ఇంకా ఎంసెట్ అనే అంటున్నాం. తెలంగాణలో 2023లో ఇంటర్ వెయిటేజీ పూర్తిగా తీసేశారు, ర్యాంకు మొత్తం ఎంట్రన్స్ మార్కుల మీదే. ఆంధ్రప్రదేశ్‌లో కరోనా ఏళ్లలో ఆపినా, 2023లో 25 శాతం వెయిటేజీ మళ్లీ తెచ్చారు. వెయిటేజీ లేనిచోట కూడా గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి. జేఈఈ మెయిన్‌తో ఎన్‌ఐటీ సీటు కావాలంటే ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ ఎస్టీలకు 65 శాతం కావాలి. లేదంటే మన బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పైనుంచి ఐదో వంతు పిల్లల్లో ఉండాలి. జేఈఈలో మంచి పర్సంటైల్ తెచ్చుకుని, ఇంటర్‌లో 72 శాతం దగ్గర ఆగిపోయిన అబ్బాయి నా ఎదురుగానే కూర్చుని లెక్క మూడుసార్లు వేసుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా 72 అలాగే ఉంది.

జేఈఈ, ఎంసెట్ రెండూ రాయాలా? ఒక్కటే చదివితే పోదా?

ఎంపీసీ వాళ్లు రెండూ రాయండి. సిలబస్ చాలావరకు ఒకటే, రాసే తీరే వేరు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో సగం, అంటే 80, మ్యాథ్స్. నెగటివ్ మార్కులు లేవు. అంటే వేగం ఉన్నవాడిదే ఆట, తెలియని బిట్టు కూడా వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలే, తప్పుకు మార్కు కోస్తారు, అక్కడ వదిలేయడం కూడా తెలివే. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఉంటుంది. ప్రశ్నపత్రం తెలుగులోనూ తీసుకోవచ్చు, కానీ ఫిజిక్స్ ఇంగ్లిష్ మీడియంలో చదివి పరీక్ష రోజు తెలుగు ఎంచుకుంటే 'అభివాహం' (ఫ్లక్స్) దగ్గరే ఐదు నిమిషాలు పోతాయి.

బైపీసీ చదువుతున్నా. నీట్‌లో సీటు రాకపోతే అంతేనా సార్?

ఈ ప్రశ్న అడిగే పిల్లల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే దీనికి జవాబు కొంచెం ఎక్కువ రాస్తున్నాను. దేశం మొత్తం మీద నీట్ రాసేవాళ్లు 20 లక్షల పైచిలుకు. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అందులో ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లు తీసేస్తే మన ఇళ్లలో కట్టగలిగే సీట్లు ఇంకా తక్కువ. రాకపోవడం మామూలు విషయం, వస్తేనే విశేషం.

బైపీసీకి ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ స్ట్రీమ్ ఉంది. దాన్ని చాలామంది దరఖాస్తే చేయరు, 'మాది నీట్ కదా' అని. ఆ ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, బీఫార్మసీ, ఆరేళ్ల ఫార్మ్‌డీ వస్తాయి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది, అక్కడ చదివినవాళ్లు వ్యవసాయ శాఖలోనూ, బ్యాంకుల్లోనూ, విత్తన కంపెనీల్లోనూ కనపడతారు. రైతు కుటుంబాల పిల్లలకు వ్యవసాయ యూనివర్సిటీల్లో ప్రత్యేక కోటా ఉంది, దానికి భూమి కాగితాలు అడుగుతారు. ఇవికాక నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, అనస్థీషియా టెక్నాలజీ, ఆప్టోమెట్రీ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: ఆయుర్వేదం, హోమియో కూడా నీట్ మీదే. 'నీట్ వద్దు, బీఏఎంఎస్ (ఆయుర్వేదం డిగ్రీ) చేస్తా' అంటే కుదరదు.

ఇప్పుడే తీసి పెట్టుకోవాల్సిన సర్టిఫికెట్లు ఏవి?

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఓసీలైతే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్లకు ఇచ్చేది), ఆధార్. వినడానికి చిన్న జాబితానే. తిరిగేటప్పుడు తెలుస్తుంది. ఆరు, ఏడు తరగతులు చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటుంది. అప్పుడు మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లాలి, అక్కడ ఒక్కరోజులో పని కాదు. ఆదాయం సర్టిఫికెట్ తెలంగాణ కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసినదే అడుగుతారు, ఈడబ్ల్యూఎస్ ఆ ఆర్థిక సంవత్సరానికి చెల్లేది ఉండాలి. కాబట్టి ఆ రెండూ మరీ ముందే తీసుకున్నా ఉపయోగం లేదు.

అసలు తలనొప్పి పేర్లతో. ఒకసారి కాలేజీ వరండాలో నలభై మంది టెన్త్ మెమోలు, ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టించి చూశాను. ఒక పిల్లకు మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. ఒకడికి మెమోలో 'వెంకట సాయి', ఆధార్‌లో 'సాయి వెంకట్'. ఒకమ్మాయి పుట్టినతేదీలో నెల, రోజు తారుమారు. పదకొండు మందివి కలవలేదు. దేన్ని మార్చాలంటే, ఎప్పుడూ ఆధార్‌నే టెన్త్ మెమోకు తగ్గట్టు మార్చుకోండి. బోర్డు మెమో మార్చడం పెద్ద పని. అదే పనిలో ఆధార్‌కు మీ చేతిలో ఉండే ఫోన్ నంబరు లింకు చేయించండి, ఓటీపీ దానికే వస్తుంది. నాన్న దుబాయ్‌లో, సిమ్ నాన్న దగ్గర, ఆప్షన్ల చివరి రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఓటీపీ కోసం ఫోన్లు. ఈ సీను నేను ఒక్కసారి కాదు చూసింది.

నాకు బీసీ సర్టిఫికెట్ ఉంది. ఐఐటీ, ఎన్‌ఐటీకి అదే సరిపోతుందా?

సరిపోదు. మీసేవలోనో సచివాలయంలోనో ఇచ్చే బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ సర్టిఫికెట్ రాష్ట్రానికి. కేంద్ర సంస్థలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో బాగా ఉన్న కుటుంబం కాదు అని చెప్పే) సర్టిఫికెట్, కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసినది కావాలి. రాష్ట్రంలో బీసీలైన కొన్ని కులాలు కేంద్రం జాబితాలో ఉండవు. ముందు ఆ జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకుని, అప్పుడు దరఖాస్తులో కేటగిరీ నింపండి.

## పరీక్షలు అయ్యాక, రిజల్ట్స్ వచ్చాక

ఒక సబ్జెక్టు పోయింది. ఏడాది పోయినట్టేనా?

పోలేదు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే పెడతారు, అందులో పాసైతే అదే ఏడాది ఇంజినీరింగ్, డిగ్రీ కౌన్సెలింగ్‌లలో కూర్చోవచ్చు. మార్కులు నీ అంచనాకు మరీ దూరంగా ఉంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. కానీ వాటి ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు తేదీ వదులుకోకు. రెండూ కట్టెయ్.

ఇది తల్లిదండ్రులకు: ఆ రోజు సాయంత్రం పిల్లల్ని ఒంటరిగా వదలకండి. పక్కింటివాళ్ల అబ్బాయి మార్కులు ఆ వారం ఎత్తకండి. మనసు బాగోలేదనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

లాంగ్ టర్మ్ పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

లాంగ్ టర్మ్ అంటే ఇంటర్ అయ్యాక ఏడాదంతా మళ్లీ ఎంట్రన్స్ కోచింగే. నీట్‌ ఎన్నిసార్లయినా రాయొచ్చు, పై వయసు పరిమితి లేదు. జేఈఈ మెయిన్ వరుసగా మూడేళ్లు, ఐఐటీలకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లే. నేను చూసేది ఒక్కటే: మొదటిసారి ఎందుకు తగ్గింది? జ్వరం వచ్చో, సిలబస్ ఆలస్యంగా మొదలుపెట్టో తగ్గితే ఒక ఏడాది పెట్టొచ్చు. రెండేళ్లూ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా చదివి, రాత్రీపగలూ ఒక్కటి చేసి, అదే మార్కు దగ్గర ఆగితే, అదే హాస్టల్లో మూడో ఏడాది కూర్చోబెట్టి లాభం లేదు. రెండో లాంగ్ టర్మ్ అని ఎవరైనా అడిగితే నేను ముఖం మీదే వద్దంటాను.

రిజల్ట్ వచ్చేదాకా ఏం చేయమంటారు?

టైపింగ్ నేర్చుకో. ఇంగ్లిష్‌లో రోజుకు ఒక పేజీ నీ మాటల్లో రాయి. పెళ్లిళ్లకు వెళ్లు. రెండేళ్లుగా ఏ పెళ్లికీ వెళ్లి ఉండవు.

## కౌన్సెలింగ్

వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టాలి? ఎక్కువ పెడితే చెడ్డ కాలేజీ వస్తుందట కదా?

ఇంతకంటే ఎక్కువ సీట్లు మింగిన అపోహ ఇంకొకటి లేదు. ఆప్షన్లంటే నీకు కావాల్సిన కాలేజీలు, బ్రాంచిలు వరుసగా పెట్టిన జాబితా. కంప్యూటర్ చేసే పని చాలా సాదా. నీ ర్యాంకు వంతు రాగానే నీ జాబితాలో మొదటిదాన్ని చూస్తుంది. ఖాళీ ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. పైది ఖాళీ ఉండగా కిందది ఎప్పటికీ ఇవ్వదు. కాబట్టి జాబితా పొడవుగా ఉంటే నష్టం లేదు, వరుస తప్పితేనే నష్టం.

ఒకమ్మాయి పన్నెండే ఆప్షన్లు పెట్టింది, 'మంచివే పెట్టు' అని వాళ్ల అన్నయ్య చెప్పాడట. ఆ పన్నెండింటికీ గత ఏడాది చివరి ర్యాంకులు ఆమె ర్యాంకు కంటే ముందే ముగిశాయి. మొదటి విడతలో ఏ సీటూ రాలేదు. మేం చేసే పద్ధతి ఇది: గత ఏడాది చివరి ర్యాంకుల జాబితా దించుకుని, తెల్లకాగితం మీద పెన్సిల్‌తో కాలేజీ, బ్రాంచి, ఆ ర్యాంకు రాయాలి. నీ ర్యాంకు కంటే పైన ఉన్నవి కొన్ని ఆశకు, దగ్గరగా ఉన్నవి చాలా, కింద ఉన్నవి కొన్ని ధైర్యానికి. ఇంట్లో అందరూ చూశాక, వరుస ఖాయం చేసుకున్నాక, అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోవాలి. నెట్ సెంటర్ కుర్రాడి చేతికి పాస్‌వర్డ్ ఇవ్వొద్దు.

ఒక సంగతి గుర్తుంచుకో: తర్వాతి విడతలో పై ఆప్షన్ వస్తే పాత సీటు దానంతటదే పోతుంది, వెనక్కి రాదు. వచ్చిన సీటు నిజంగా నచ్చితే రెండో విడతలో దానికంటే మంచివి తప్ప ఏవీ పెట్టకు.

కాలేజీ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

బస్సు వెనక పోస్టర్ చూస్తే తెలియదు. పనిరోజున, ఉదయం పదింటికి, చెప్పకుండా వెళ్లండి. ల్యాబ్ తాళం తీసి ఉందా, సిస్టమ్‌ల మీద దుమ్ము ఉందా చూడండి. గేటు బయట టీ కొట్టు దగ్గర సెకండియర్ పిల్లలుంటారు, వాళ్లని మూడే అడగండి: క్లాసులు జరుగుతాయా? సార్లు ఏడాది మధ్యలో మారిపోతారా? ఫీజు కాకుండా ఇంకా ఏమేం కట్టించుకుంటారు? 'ప్లేస్‌మెంట్ 90 శాతం' అంటే ఎంతమందిలో అని కాలేజీవాళ్లనే అడగండి. కంపెనీల పరీక్షకు అర్హులైనవాళ్లలోనా, కాలేజీలో చేరినవాళ్లలోనా? ఈ రెండు లెక్కలకూ మధ్య చాలా తేడా వస్తుంది.

సీఎస్‌ఈ రాలేదు. మేనేజ్‌మెంట్ కోటాలో కొనమంటారా?

ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, అంటే కాలేజీవాళ్లే నింపుకునేవి. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. నా అభిప్రాయం అడిగితే, మామూలు కాలేజీలో లక్షలు పోసి కొన్న సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) కంటే మంచి కాలేజీలో కన్వీనర్ కోటాలో వచ్చిన ఈసీఈ, ఈఈఈ మేలు. సీఎస్‌ఈ పక్కన ఏఐ, డేటా సైన్స్ అని తోకలు చాలా వచ్చాయి. ఆ తోకకు తగ్గ పాఠం చెప్పేవాళ్లు ఆ కాలేజీలో ఉన్నారా అన్నదే ప్రశ్న. రసీదు ఇవ్వకుండా డబ్బు తీసుకునే 'కన్సల్టెంట్'కు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

మా అబ్బాయి పది దాకా గుంటూరు, ఇంటర్ హైదరాబాద్. ఎక్కడ లోకల్ అవుతాడండీ?

అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్, అంటే స్థానికులకు ఉంచిన సీట్లకు అర్హులు, అన్నది మొదటి సూత్రం. మీవాడికి ఆ నాలుగేళ్లు రెండు రాష్ట్రాల మధ్య చీలాయి. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది కాబట్టి ఇప్పుడు దీనికి ముందుకంటే బరువు పెరిగింది. తెలంగాణ మెడికల్ సీట్లకు 9 నుంచి ఇంటర్ దాకా అక్కడే చదివి ఉండాలన్న నియమం 2024లో వచ్చింది. ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు, మీ నివాస ధ్రువపత్రం పట్టుకుని హెల్ప్‌లైన్ సెంటర్‌లో ముందే చూపించండి, సర్టిఫికెట్ల పరిశీలన రోజు కాదు. ఇంకా టెన్త్‌లో ఉన్న చెల్లెలుంటే, ఇంటర్‌కు ఊరు మార్చేముందే ఈ లెక్క వేసుకోండి.

## డబ్బు సంగతి

రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, మేం కట్టేదేమీ ఉండదా?

ఉంటుంది. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్లు) ఇంజినీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, ఆ పైన అయితే 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతా 65 వేలు ఏటా మీవే. ఎస్సీ, ఎస్టీలకు మొత్తం ఇస్తారు. ఆదాయ పరిమితి ఎస్సీ ఎస్టీలకు 2 లక్షలు, బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరునే ఉండి ఆధార్‌తో కలిసి ఉండాలి.

ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యం కావడం రెండు రాష్ట్రాల్లోనూ కొత్త కాదు. ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అనే కాలేజీలున్నాయి. కాబట్టి మొదటి ఏడాదికి సరిపడా డబ్బు, బస్సు పాసు, పుస్తకాలు, హాస్టల్ ఖర్చు వేరుగా లెక్క వేసుకునే చేరండి.

బ్యాంకు లోను కావాలంటే పొలం తాకట్టు పెట్టాలా?

గత జూన్‌లో పత్తి వేసే ఒక రైతు పాలిథిన్ కవర్‌లో పట్టాదారు పాస్‌బుక్ చుట్టుకుని కాలేజీకి వచ్చాడు. 'ఇది పెడితే చాలునా సార్' అన్నాడు. దాన్ని మళ్లీ కవర్‌లో పెట్టించి పంపాను. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా తాకట్టూ లేదు, మనం ముందు పెట్టాల్సిన వాటా కూడా లేదు. 7.5 లక్షల దాకా కూడా తాకట్టు అడగకూడదు, తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెడితే మేనేజర్ నోటిమాటతో తిప్పి పంపడం కుదరదు, కారణం రాయాలి. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవాళ్లకు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల దాకా రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. చదువుకునే నాలుగేళ్లలో వాయిదాలు ఉండవు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ వడ్డీ నెలనెలా కట్టగలిగితే కట్టేయండి.

## ఇంజినీరింగ్, మెడిసిన్ కాకుండా

డిగ్రీలో చేరితే జనం నవ్వుతారు సార్.

నవ్వనీ. తెలంగాణలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్ ప్రవేశాల విధానం 'దోస్త్' 2016 నుంచి ఉంది, ఆంధ్రాలోనూ డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోనే. సీటు వచ్చాక గడువులోపు సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నానని మనమే ఆన్‌లైన్‌లో తెలపడం) చేయకపోతే ఆ సీటు పోతుంది, దీన్నే చాలామంది మర్చిపోతారు. ఇంకొక దారి సీయూఈటీ, సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ పీజీ చేయొచ్చు, తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఉన్నాయి. సైన్స్ మీద నిజంగా ఇష్టముంటే తిరుపతి ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ సంస్థ), దానికి ప్రవేశ పరీక్ష వేరు. వీటి దరఖాస్తులు ఇంటర్ పరీక్షల హడావిడిలోనే వచ్చి పోతాయి. మా కాలేజీలో ఏటా ఇద్దరు ముగ్గురే రాస్తారు, తెలియక.

సీఈసీ వాళ్లకు ఏముంది?

సీఏ ఫౌండేషన్ ఇంటర్ తర్వాత నేరుగా రాయొచ్చు. నాలుగు పేపర్లు, ఒక్కోదాంట్లో 40, మొత్తం మీద 50 శాతం వస్తే పాస్. పరీక్షకు నాలుగు నెలల ముందే రిజిస్టర్ కావాలి. పక్కన బీకామ్ పెట్టుకోండి, ఒక్క సీఏ మీదే కూర్చోవద్దు. లాసెట్‌తో ఐదేళ్ల ఎల్ఎల్‌బీ ఉంది. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌తో హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ. టీచర్ కావాలంటే డీసెట్ రాసి రెండేళ్ల డీఎల్‌ఈడీ (టీచర్ ట్రైనింగ్ డిప్లొమా).

ఇంట్లో పరిస్థితి బాలేదు. ఇంటర్‌తోనే ఉద్యోగం వస్తుందా?

కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో క్లర్కు ఉద్యోగాలకు ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) వాళ్లు పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్ష 18 నుంచి 27 ఏళ్లవాళ్లకు ఇంటర్‌తోనే. రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షలో ఇంటర్ స్థాయి పోస్టులున్నాయి. సైన్యంలో ఆఫీసర్ కావడానికి రాసే ఎన్‌డీఏ ఏడాదికి రెండుసార్లు, సెకండియర్‌లో ఉండగానే రాయొచ్చు, 2021 నుంచి అమ్మాయిలకూ అవకాశం ఇచ్చారు. అందులో ఎయిర్‌ఫోర్స్, నేవీకి ఎంపీసీ కావాలి, ఆర్మీకి ఏ గ్రూపైనా ఫర్వాలేదు. సైన్యంలో జవానుగా చేరే అగ్నివీర్ నాలుగేళ్లే, ఆ తర్వాత నలుగురిలో ఒకరి దాకానే ఉంచుకుంటారు. అది తెలిసే వెళ్లు. ఉద్యోగంలో ఉంటూ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేయొచ్చు. 1982లో మొదలైంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే.

విదేశాల్లో ఎంబీబీఎస్ తక్కువలో అవుతుందట, నిజమేనా?

నీట్‌లో అర్హత లేకుండా వెళ్తే తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయలేరు. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్‌లో ఉండాలి, ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. వచ్చాక ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలి. ఏజెంటు చెప్పే మొత్తం ఖర్చులో ఆ పరీక్ష కోచింగ్, ఆ ఏళ్ల ఎదురుచూపు ఉండవు.

## చేరాక

ఒరిజినల్స్ కాలేజీ దగ్గరే ఉంచమంటున్నారు.

ఉంచుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. చూసి, జిరాక్స్ తీసుకుని తిరిగిచ్చేయాలి. అయినా కొన్నిచోట్ల తీసుకుంటారు. తప్పనిసరైతే ఏమేం ఇచ్చారో రాయించి, ముద్ర వేయించుకుని తీసుకోండి. ఇచ్చేముందు ప్రతిదాన్నీ రెండువైపులా స్కాన్ చేసి పెట్టుకోండి, మెమోలు డిజిలాకర్‌లోనూ ఉంచండి.

18 నిండాయి. ఇంకేమైనా చేయించుకోవాలా?

మైనర్‌గా తెరిచిన బ్యాంకు ఖాతాను మేజర్‌గా మార్పించుకో, లేకపోతే స్కాలర్‌షిప్ పడే రోజున ఖాతా ఆగిపోయి ఉంటుంది. పాన్ తీసుకో. ఓటుకు ఫారం 6 పెట్టు. అర్హత తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. పేరు మాత్రం టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయి.